లాడ్జిలో సర్దిన పక్క

కొండల మధ్య, చెరువు ఒడ్డున ఉన్న ఒక లాడ్జికి ఈసారి సెలవుల్లో నన్ను కూడా తీసుకెళ్తున్నారని చెప్పగానే, కువైట్‌లోని సల్వాలో నేను పనిచేసే ఇంటి కారు తోలే రాయచోటి తమ్ముడు నవ్వు ఆపుకోలేకపోయాడు.

"లాడ్జికా? యా లాడ్జికక్కా? మన రాయచోటి బస్టాండు కాడ ఉండేవి చాల్లేదంటనా? ఇమానమెక్కి పోవాల్నా దానికి?"

"ఆ మాదిరి లాడ్జి కాదంట అబ్బీ. వందేండ్ల నాటిదంట. మొత్తం కొయ్యతోనే కట్టినారంట. సర్కారు అడివిలో ఉండాదంట."

"వందేండ్ల కొయ్య కొంపలో పండుకునేదానికి అంత దూరం పోవాల్నా? మా అవ్వ మిద్దె ఉండాది. ఉత్తగానే ఇస్తాం రమ్మను. చెదలు గూడా ఉండాయి."

అతని మాటలో తప్పేమీ లేదు. సల్వాలో మా వీధిలో ఇల్లు కట్టి ఇరవై ఏళ్లు దాటితే పడగొట్టి మళ్లీ కట్టుకుంటారు. అలాంటి చోట పుట్టి పెరిగిన మామా, పాత ఇంట్లో నాలుగు రోజులు ఉండడానికి మూడు నెలల ముందు గదులు మాట్లాడుకోవడం నాకూ వింతగానే ఉంది. ఇంటి యజమానురాలిని ఇక్కడ మామా అంటాం, ఆమె భర్తను బాబా అంటాం. మా ఊళ్లో మామ అంటే మీసాలుంటాయి కాబట్టి మొదట్లో నాకు ఆ పిలుపు నోటికి రావడానికి చాలా రోజులు పట్టింది. ఇప్పుడు పన్నెండేళ్లయింది ఆ ఇంట్లో వంట చేయబట్టి. మీసాల మామను పిలవాలన్నా ముందు ఈమే గుర్తుకొస్తుంది.

ఆ లాడ్జి గురించి మొదట విన్నది బాబా. ఆయన ఆఫీసులో పెద్దాయన ఎవరో అక్కడికి వెళ్లొచ్చి, చెరువు ముందు నిలబడిన ఫొటోలు అందరికీ పంపాడట. అప్పటినుంచీ బాబాకు నిద్ర లేదు. ఇద్దరు కూతుళ్లకూ ఇష్టం లేదు. మామాకు అసలే లేదు. నన్ను ఎందుకు తీసుకెళ్తున్నారంటే, బాబాకు నా చేతి వంట తప్ప దిగదు. అది నేను గొప్పకు చెప్పుకోవడం కాదు. గొప్పే, కానీ నిజం కూడా.

బయల్దేరే ముందు రోజు తమ్ముడు పెట్టెలు కట్టడానికి సాయం చేస్తూ ఇంకో మాట అన్నాడు.

"చూడక్కా, ఆడనే ఉండిపోతావేమో. ఉండిపోయేమాటైతే నాకు ముందే చెప్పు. నీ రూములో చిన్న ఫ్రిజ్జు నేను తీసుకుంటా."

"నీ నోట్లో మన్ను పడ. మెల్లగా మాట్లాడు, మామా ఇంటాది."

నవ్వుతూనే అన్నాను కానీ, మామా వినలేదు కదా అని తలుపు వైపు చూశాను. రెండేళ్ల కిందట బాబా చెల్లెలు ఇలాగే సెలవులకు వేరే దేశం వెళ్తూ తన ఇంట్లో పనిచేసే అమ్మాయిని తీసుకెళ్లింది. ఆ అమ్మాయి అక్కడ ఒక పెద్ద బజారులో ఐస్‌క్రీం తెస్తానని వెళ్లి ఇప్పటికీ తేలేదు. అప్పటినుంచి ఆ చెల్లెలు ఎప్పుడొచ్చినా అదే కథ. పాస్‌పోర్టు చేతికివ్వొద్దు, కంటికి దూరం చేయొద్దు అని మామాకు నా ముందే బుద్ధులు చెప్పేది. నేను చాయ్ పోస్తుండగానే చెప్పేది. మామా మాత్రం, "నా మనిషి అలాంటిది కాదు," అనేది. వీసా కోసం ఎంబసీకి వెళ్లినప్పుడు నన్ను తిరిగి తీసుకొస్తానని తానే సంతకం పెట్టింది. ఆ "నా మనిషి" అన్న మాట నాకు భలే ఇష్టంగా ఉండేది. పన్నెండేళ్లలో జీతం కాక నేను సంపాదించుకున్నది అదొక్కటే అనిపించేది.

కొండదారి మలుపులకు నాకు కడుపులో తిప్పింది. యాలక్కాయలు నములుతూ కూర్చున్నాను. చిన్న స్టీలు డబ్బీ నిండా తెచ్చుకున్నాను కాబట్టి సరిపోయింది.

లాడ్జి చూడగానే మామా మొహం చూడాల్సిందే. పెద్ద పెద్ద దుంగల మీద దుంగలు పేర్చి కట్టిన మూడంతస్తుల ఇల్లు. లిఫ్టు లేదు. ఏసీ లేదు. టీవీ లేదు. గోడల నిండా కొమ్ములున్న జింకల తలకాయలు. నేల మీద అడుగేస్తే కిర్రుమంటుంది. ఎవరు ఎన్నిసార్లు బాత్‌రూమ్‌కి లేచారో ఇల్లంతటికీ తెలుస్తుంది. ఫోన్లు పనిచేసేది కింద హాల్లో మాత్రమే అని తెలిసి పిల్లలిద్దరూ మెట్ల మీదే కూలబడ్డారు. బాబా ఒక్కడే జింక తలకాయల కింద నిలబడి, ఆ ఇల్లంతా తనే కట్టించినట్టు చెయ్యి చాచి చూపిస్తున్నాడు.

"ఇది చరిత్ర," అన్నాడు.

"చరిత్రకు ఏసీ పెట్టిస్తే పోయేదేముంది?" అంది మామా.

నాకు మాత్రం ఆ చెరువు నచ్చింది. చుట్టూ కొండలు, కొండల మీద ఇంకా మంచు, కింద నల్లగా కదలని నీళ్లు. కువైట్‌లో నీళ్లంటే సముద్రం, అది ఎప్పుడూ చప్పుడు చేస్తూ ఉంటుంది. ఈ చెరువు నోరు మెదపదు. నాకు ఈత రాదు కాబట్టి దూరం నుంచే చూశాను.

పేర్లు రాసుకునే బల్ల దగ్గర కుర్రవాడు పాస్‌పోర్టులన్నీ చూసి, ఎవరివి వాళ్ల చేతికి తిరిగిచ్చాడు. నాది నాకిచ్చాడు. విమానాశ్రయంలో అధికారి ముందు నిలబడే ఆ నిమిషం తప్ప పన్నెండేళ్లలో అది నా చేతిలో ఉన్నది లేదు. అలవాటు కొద్దీ మామాకు ఇవ్వబోయాను. ఆమె ఒక్క క్షణం ఆలోచించి, "ఉంచుకో. పోగొట్టావో, ఖలాస్," అంది. పోగొడతానేమోనన్న భయంతో దాన్ని గుడ్డలో చుట్టి నడుముకు కట్టుకున్నాను. రాత్రి పడుకున్నా విప్పలేదు.

ఇక నా కష్టం అక్కడ మొదలైంది. గదుల్లో వంట చేయకూడదట. తినే వస్తువులు కూడా గదిలో ఉంచకూడదట, వాసనకు ఎలుగుబంట్లు వస్తాయట. కువైట్ నుంచి మోసుకొచ్చిన మసాలాలూ ఎండు నిమ్మకాయలూ కింద ఒక ఇనుప పెట్టెలో పెట్టి తాళం వేశారు. వంటమనిషిని వంట లేని చోటికి తీసుకొచ్చారన్నమాట. భోజనాల గదిలో ఒకతను వచ్చి నా కోసం కుర్చీ వెనక్కి లాగాడు. ఎవరికో కావాలేమో అనుకుని నేనే దాన్ని ఎత్తి పక్క బల్ల దగ్గర పెట్టి వచ్చాను. చిన్నమ్మాయి నవ్వలేక చచ్చింది. అన్నం తిన్నంతసేపూ నా వెనక ఎవరో నిలబడి ఉంటే ముద్ద దిగలేదు.

నాకంటూ ఒక గది ఇచ్చారు, పైఅంతస్తులో. సల్వాలో నా గది బట్టలు ఉతికే మిషన్ల పక్కన ఉంటుంది, కిటికీ తెరిస్తే ప్రహరీ గోడ. ఇక్కడ కిటికీ తెరిస్తే చెరువు. మంచి గదే. చేయడానికి పనే లేదు.

మర్నాడు నాలుగున్నరకే మెలకువ వచ్చింది. ఊరికే ఉండలేక పక్క సర్దాను. దుప్పటి నాలుగు మూలలా లాగి ముడత లేకుండా బిగించాను. ఈ పనిలో నన్ను మించినవాళ్లు సల్వాలో లేరు. బాత్‌రూమ్ కడిగి, నీటిచుక్క లేకుండా తుడిచాను. తువ్వాళ్లు ఎలా పెట్టి ఉన్నాయో అలాగే మడిచి పెట్టాను. నా పెట్టె మంచం కిందకు, గోడ దాకా తోసేశాను. పెద్దమ్మాయి ఇచ్చిన పాత ఎర్ర జాకెట్ వేసుకుని, యాలకుల డబ్బీ జేబులో పడేసుకుని చెరువు చూద్దామని దిగిపోయాను.

ఒక మాట దాచకుండా చెప్పాలి. ఆ తెల్లవారుజామున ఒడ్డున ఒక్కదాన్నే నిలబడ్డాను. నడుముకు పాస్‌పోర్టు ఉంది. వెనక ఎవరూ లేరు. పోతే ఎలా ఉంటుంది అనుకున్నాను. ఎటు పోవాలో కూడా చూశాను. ఒకవైపు చెరువు, ఇంకోవైపు కొండ, మిగిలిన వైపు ఎలుగుబంట్లు. ఆ ఆలోచన ఎంతసేపు ఉందంటే, చలికి ముక్కు తుడుచుకునేంతసేపు. అంతలో లాడ్జి వెనకవైపు నుంచి గరగరమని చప్పుడు వినిపించింది. ఆ చప్పుడు నాకు బాగా తెలుసు.

వంటింటి వెనక మెట్ల మీద ఒక లావుపాటి ఆవిడ కూర్చుని బంగాళాదుంపలు చెక్కు తీస్తోంది. మావైపు ఉర్లగడ్డలంటాం. పక్కన ఇంకా సగం బస్తా ఉంది. తెల్లటి పొట్టి జుట్టు, నా వయసే ఉంటుంది. చెక్కు చూస్తే నా ప్రాణం ఉసూరుమంది. అంత మందంగా తీస్తే లోపల మిగిలేదేమిటి? పక్కన కూర్చుని ఇంకో కత్తి తీసుకుని, పల్చగా ఎలా తీయాలో చూపించాను. ఆవిడ నా వైపు ఒకసారి, చెక్కు వైపు ఒకసారి చూసి, బకెట్ మా ఇద్దరి మధ్యకు జరిపింది. ఆవిడ భాష నాకు రాదు, నా భాష ఆవిడకు రాదు. బస్తా అయిపోయింది. తర్వాత లోపలికి వెళ్లి ఉల్లిపాయలు తరిగాం. నా జాకెట్ తడుస్తోందని ఆవిడ తెల్ల ఏప్రాన్ ఒకటి కట్టింది, నెత్తికి గుడ్డ కట్టింది. లాడ్జికి వచ్చాక నాకు మొదటిసారి ఊపిరి ఆడింది.

తొమ్మిదింటికేమో బయట బండ్ల చప్పుడు. కిటికీలోంచి చూస్తే ఫారెస్టువాళ్లు, పది మంది దాకా. చెరువులో ఒక పడవ తిరుగుతోంది. ఇద్దరు కుక్కను పట్టుకుని చెట్లలోకి పోతున్నారు. ఏమైందని సైగ చేశాను. ఆవిడ తన కళ్లు చూపించి, చెరువు చూపించి, చేతులు తిప్పింది. ఎవరో కనిపించడం లేదన్నమాట. పాపం, ఎవరి బిడ్డో అనుకుని వెంకటరమణస్వామికి దండం పెట్టుకున్నాను.

వెతికేవాళ్లకు ఇవ్వమని వంటింట్లోంచి చాయ్ పంపుతున్నారు. చాయ్ అంటే కాగితం గ్లాసులో వేడినీళ్లు, అందులో ఒక పొట్లం. ఆ నీళ్లు తాగి అంత చలిలో ఎవరు వెతుకుతారు? నేను ఊరుకోలేకపోయాను. పెద్ద గిన్నెలో పాలు పొయ్యి మీద పెట్టించి, పొట్లాలు చించి ఆకంతా వేసి, డబ్బీలో మిగిలిన యాలకులన్నీ దంచి వేశాను. మా ఇంట్లో రోజూ కాచే పాల చాయే, అరబీలో చాయ్ హలీబ్. పొంగిన తర్వాత ట్రేలో సర్దుకుని నేనే బయటికి నడిచాను.

ఫారెస్టువాళ్లు ఒక్కొక్కరే గ్లాసు తీసుకున్నారు. ఒకతను రెండుసార్లు తీసుకున్నాడు. అందరూ చెరువు వైపు చూస్తున్నారు, కొండ వైపు చూస్తున్నారు, చేతిలో కాగితం వైపు చూస్తున్నారు. నా వైపు ఎవరూ చూడలేదు. చేతిలో ట్రే ఉన్న మనిషి మొహం ఎవరూ చూడరు. ఇది నాకు ఎప్పటినుంచో తెలుసు, ఆ రోజు కూడా వింతగా అనిపించలేదు.

వసారా చివర బాబా నిలబడి ఉన్నాడు, ఫోను చెవికి పెట్టుకుని అరుస్తూ. ఆయన ముందుకు ట్రే చాచాను. చూడకుండానే గ్లాసు తీసుకున్నాడు. పన్నెండేళ్లుగా రోజుకు నాలుగుసార్లు ఎలా తీసుకుంటాడో అలాగే. ఒక గుక్క తాగి మాట్లాడాడు. రెండో గుక్క తాగి ఆగాడు. గ్లాసులోకి చూశాడు. ఆ తర్వాత ట్రే, ట్రే పట్టుకున్న చేతులు, చివరికి నా మొహం.

"వల్లా!" అన్నాడు. చాయ్ సగం చొక్కా మీద పడింది. "ఎక్కడున్నావు ఇంతసేపూ?"

"వంటింట్లో, బాబా."

"వంటింట్లోనా!"

రెండు గ్లాసులు తాగినాయన కాగితం తీసి నా వైపు చూశాడు, మళ్లీ కాగితం చూశాడు. అందులో రాసుకున్న నా గుర్తులేమిటో చిన్నమ్మాయి తర్వాత చదివి చెప్పింది. ఒంటినిండా కప్పే నల్ల అబాయా, వయసు నలభై, బాగా పొడుగు. నాకు యాభై రెండు, వేసుకున్నది ఎర్ర జాకెట్, పొడుగు సంగతి ఎందుకులెండి. ఎనిమిదింటికి గది ఊడవడానికి వచ్చిన అమ్మాయి, ఆ పక్క మీద రాత్రి మనిషే పడుకోలేదని కింద చెప్పిందట. మామా పరిగెత్తుకుని వచ్చి చూస్తే పక్క చెక్కుచెదరలేదు, బాత్‌రూమ్ తడి లేదు, పెట్టె లేదు, పాస్‌పోర్టు లేదు. చెరువంతా గాలించినవాళ్లు ఒక్కరూ మంచం కిందకు వంగి చూడలేదు.

మామా ఒడ్డు నుంచి వచ్చింది. మోకాళ్ల దాకా తడిసి ఉంది, కొత్త బూట్లలోంచి నీళ్లు కారుతున్నాయి. తిడుతుందనుకున్నాను. నా ముందు నిలబడి రొప్పుతూ ఒక్కటే అడిగింది.

"పక్క ఎందుకు సర్దావు?"

పక్కలు సరిగ్గా సర్దలేదని తిట్లు తిన్న రోజులున్నాయి కానీ, సర్దినందుకు సంజాయిషీ చెప్పుకోవాల్సి వస్తుందని కలలో కూడా అనుకోలేదు.

ఆ రోజంతా అందరూ నన్ను చూసి నవ్వారు, నేనూ నవ్వాను. కానీ లోపల ఒక ముల్లు మిగిలిపోయింది. ఫారెస్టువాళ్లకు మామా ఏమని చెప్పింది? పారిపోయిందని చెప్పిందా, తప్పిపోయిందని చెప్పిందా? పారిపోయిందన్న మాట కాగితం మీదకెక్కితే నా ఇఖామాకు, అంటే అక్కడ ఉండనిచ్చే కాగితానికి, దిక్కులేదు, కువైట్‌లో మళ్లీ అడుగు పెట్టలేనని తెలుసు. అయినా నన్ను తొలిచింది అది కాదు. పన్నెండేళ్ల మనిషిని ఒక్క ఖాళీ పక్క చూసి దొంగను చేసిందా అన్నదే. పిల్లల్ని అడగడానికి మనసొప్పలేదు.

ఆఖరి రోజు సాయంత్రం మామా వసారాలో ఊగే కుర్చీలో కూర్చుని చెరువు చూస్తోంది. వెనక నిలబడ్డాను. కూర్చోమంది. పక్క కుర్చీలో కూర్చుంటే అది నన్ను వెనక్కి పడేయబోయింది, రెండు చేతులా పట్టుకున్నాను. మా మాటలు అరబీలోనే. నాది వంటింటి అరబీ, మెలికలు తిప్పడం రాదు. సూటిగా అడిగేశాను.

"మామా, ఆ రోజు నేను పారిపోయానని చెప్పావా?"

"లేదు. తప్పిపోయిందని చెప్పాను. చెరువు దగ్గరికి వెళ్లి ఉంటుంది, ఈత రాదు అని చెప్పాను."

నాకు కళ్లనీళ్లు తిరిగాయి. అక్కడితో ఊరుకుంటే ఎంత బాగుండేది. ఊరుకోలేదు.

"మరి నువ్వు ఏమనుకున్నావు?"

మామా కాలు నేలకు ఆనించింది. కుర్చీ ఊగడం ఆపింది.

"పారిపోయావనే అనుకున్నాను," అంది. "కానీ అలా చెబితే నీళ్లలో వెతకరు కదా."

ముందు కోపం వచ్చింది. లేచి పోదామనుకున్నాను కానీ ఆ దిక్కుమాలిన కుర్చీలోంచి లేవడం ఎలాగో తెలియలేదు. కూర్చునే ఆలోచించాను. పారిపోయాననే నమ్మింది. నమ్మి కూడా, ఒకవేళ కాదేమోనని మోకాళ్ల లోతు చల్లటి నీళ్లలోకి దిగింది. కొత్త బూట్లతో దిగింది. ఆ రెండింటిలో ఏది నిజం అంటే రెండూ నిజమే. నన్ను అనుమానించినందుకు ఎంత బాధపడ్డానో, నా కోసం తడిసినందుకు అంతే కరిగిపోయాను. తెల్లవారుజామున ఒడ్డున నాకొచ్చిన ఆలోచన మాత్రం ఆమెకు చెప్పలేదు. తన మనసులో మాట తను చెప్పింది, నాది దాచుకోవడం న్యాయం కాదు. కానీ అన్ని న్యాయాలూ నేనొక్కదాన్నే చేయాలా?

"రేపు పొద్దున పక్క సర్దకు," అంది మామా.

"సరే," అన్నాను. సర్దకుండా వచ్చేశాను. ఆ రోజంతా చేతులు దురద పెడుతూనే ఉన్నాయి.

కువైట్‌లో దిగి, ముద్రలు వేయించుకుని బయటికి వస్తుంటే మామా అలవాటుగా నా వైపు చెయ్యి చాచింది. నేనూ అలవాటుగా పాస్‌పోర్టు తీశాను. ఇద్దరం ఒక క్షణం ఆగాం. తర్వాత ఆమె అది తీసుకుని తన హ్యాండ్‌బ్యాగులో మిగిలిన నాలుగింటి పక్కన పెట్టి, జిప్ లాగింది. ఇంతేలే అనుకున్నాను. అంతలో ఆ బ్యాగు తీసి నా భుజానికి తగిలించింది.

"చెయ్యి నొప్పిగా ఉంది. నువ్వు పట్టుకో," అంది. "యల్లా, పద."

బయట తమ్ముడు కారు దగ్గర నిలబడి ఉన్నాడు. నన్ను చూసి గొంతు తగ్గించాడు.

"వచ్చేసినావా అక్కా? అయితే ఫ్రిజ్జు ల్యాదన్నమాట నాకు."

"ల్యాదు పో అబ్బీ. పెట్టెలు ఎక్కించు."

వెనక సీట్లో కూర్చుని బ్యాగు ఒళ్లో పెట్టుకున్నాను. సల్వా వచ్చేదాకా మామా ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు. నిద్రపోయింది, గురక కూడా పెట్టింది.